గుడ్డు ఉడికేంత సంఖ్య

ఆదివారం పొద్దున. మారోష్ ఏటి ఒడ్డు ఊళ్ళో ఒక వంటిల్లు. రిటైరైన లెక్కల మాస్టారు దెజో బల్ల దగ్గర, ఆయన భార్య పిరోష్క పొయ్యి దగ్గర.

"ఇదేంటి పిరీ? ఇది గుడ్డా, చీమిడా?"

"దెజో! తిండి ముందు కూర్చుని ఏం మాటలవి!"

"మరి నువ్వే చూడు. చెంచా పెడితే తెల్లసొన జారిపోతోంది. పచ్చసొన కాదు, తెల్లసొన!"

"నువ్వు తియ్యమన్నప్పుడే తీశాను."

"నేను తియ్యమన్నది ఉడికాక."

"నువ్వు తియ్యమన్నది నీ లెక్క అయ్యాక. పిడికిలి మూసి 'అయింది, తియ్యి' అన్నావు. తీశాను."

"అయితే నీళ్ళు మరక్క ముందే వేసుంటావు."

"తెర్లుతుంటేనే వేశాను. నువ్వూ ఇక్కడే నిలబడున్నావు."

"గుడ్డు ఫ్రిజ్‌లోదై ఉంటుంది. లోపలంతా చల్లబడి ఉంటుంది."

"ఇందాక మన నల్లకోడి పెట్టింది. నీళ్ళలో వేసేటప్పుడు నా చేతికి ఇంకా వెచ్చగా తగిలింది."

"మంట తగ్గించావా?"

"మంటా అదే, గిన్నే అదే, కోడీ అదే. ఇంకేం మారిందో నువ్వు చెప్పు. లెక్కల మాస్టారివి కదా."

"ఏం మారలేదు. ఆ ఉప్పు ఇటివ్వు."

"పచ్చిసొన మీద ఉప్పు చల్లుకుని తాగుతావా? ఇటివ్వు, ఇంకోటి వేస్తాను."

"వద్దు. ఇదే తింటాను."

"మొండితనం! పోనీ డ్రాయర్లో ఆ కోడి గడియారం ఉంది కదా, క్రిస్మస్‌కి మన అమ్మాయి ఎమెషె తెచ్చింది. దాన్ని తిప్పి పెడితే టైమవగానే అదే మోగుతుంది."

"ప్లాస్టిక్ కోడి చెప్తే తీస్తావా గుడ్డు? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో గుడ్డు నా సంఖ్య మీదే ఉడుకుతోంది. ఒక్కో అంకెకి ఒక్కో ఊపిరి. సంఖ్య మొత్తం అయ్యాక ఒక వేలు ముడుస్తాను. అయిదు వేళ్ళూ ముడిచేసరికి గుడ్డు తయారు. ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పేది కాదు."

"అదీ మాట!"

"తప్పేది కాదు అన్నాను దెజో. ఇవాళ తప్పింది."

"నీకు ఆ సంఖ్య అంటే గౌరవం లేకుండా పోయింది. అది చెప్పే కదా నిన్ను పెళ్ళికి ఒప్పించాను. సెగెద్‌లో ట్రామ్‌లో నిలబడి, ఒక్క అంకె తప్పకుండా."

"నేను ఒప్పుకున్నది సంఖ్యకి కాదు, నీ మీసానికి."

"మీసం పోయింది, సంఖ్య ఉంది."

"ఉందా?"

"ఏంటా ప్రశ్న?"

"ఏం లేదు. ఇదిగో, నీళ్ళు ఇంకా మరుగుతూనే ఉన్నాయి. ఇంకో గుడ్డు వేశాను. చెప్పు, వింటాను."

"ఇప్పుడు ఎందుకు?"

"వేశాను కదా. చెప్పకపోతే రాయి అయిపోతుంది."

"సరే, విను. రెండు... ఆరు... నాలుగు... ఆరు... రెండు... ఒకటి... ఆరు... అయిదు... ఆరు... ఏడు... ఆరు... రెండు... తొమ్మిది... ఒకటి... మూడు... ఏడు. ఒక వేలు! ఎక్కడైనా తడబడ్డానా?"

"లేదు. తడబడలేదు."

"మరి ఆ చూపేంటి?"

"ఏ చూపు? ఇంకా నాలుగు వేళ్ళున్నాయి, కానియ్."

"నాకు విసుగొచ్చింది. అది నువ్వు తిను. నేను వెళ్ళి కారు తుడవాలి, లోపలంతా ఉల్లిపొట్టు. రేపట్నుంచి మనవరాలు లూత్సాని ఈతకి తీసుకెళ్ళాలి కదా."

"కారు తుడవక్కర్లేదు."

"ఏం?"

"మాకో పట్నానికి బస్సుంది. నేను తీసుకెళ్తాను."

"ఆ మోకాలితోనా? బస్సు దిగాక ఈతకొలను ఎంత దూరమో తెలుసా? తడి జుట్టుతో పిల్లని అంత దూరం నడిపిస్తావా? అసలు సంగతేంటో సూటిగా చెప్పు పిరీ."

"మొన్న గురువారం టమాటా నారు తెస్తానని మాకో సంతకి బయల్దేరావు."

"వెళ్ళాను. తెచ్చాను."

"తెచ్చావు. చీకటి పడే వేళకి. రొమేనియా సరిహద్దు దగ్గర పెట్రోలు బంకులో అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఎవరో పెద్దాయన సంత ఎటో అడుగుతున్నాడు, ఇంటికి దారి చెప్పమంటే నవ్వుతున్నాడు అని."

"ఆ రోడ్డు బాగుందని కాస్త ముందుకి పోయాను. మనిషన్నాక గాలి మార్పు ఉండొద్దా?"

"గాలి మార్పు."

"అవును, గాలి మార్పు! ఒప్పందం ఒప్పందమే పిరీ. ప్రతి ఆదివారం సూప్ ముందు నేను సంఖ్య చెప్తాను, ఎమెషె ఫోన్లో కొడుతుంది. ప్రధాన సంఖ్య అని వస్తే ఆ వారం డాక్టరు ఊసు లేదు, కారు తాళం ఊసు లేదు. ఇప్పటిదాకా ఒక్క ఆదివారం ఓడానా?"

"ఓడలేదు."

"ఒక్క అంకె అటూ ఇటూ అయితే చాలు, ఏ మూడో పదమూడో వచ్చి దాన్ని శేషం లేకుండా భాగించి పారేస్తుంది. ఫోన్ నా మొహం చూసి చెప్పదు. ఫోన్ అబద్ధం ఆడదు."

"ఆడదు."

"మరి?"

"వెళ్ళి కారు తుడుచుకో దెజో."

సూప్ పొయ్యి మీద ఉంది. ఎమెషె కూతుర్ని వేసవికి ఇక్కడ దింపడానికి వెంటబెట్టుకుని సెగెద్ నుంచి బస్సులో వస్తోంది. ఆమే ఫోన్ చేసింది.

"అమ్మా, బస్సు మాకో దాటింది. ఇంకో పావుగంట. సూప్‌లో ఏం వేశావు, నత్తగుల్లల్లా చుట్టిన సేమ్యాలా, సన్న సేమ్యాలా?"

"నత్తలే. నిన్ననే చుట్టి ఆరబెట్టాను."

"చేత్తోనా? కొట్లో అమ్ముతారు కదమ్మా పాకెట్లు!"

"కొట్లో నత్తలు మీ నాన్న తినడు. సూప్‌లో పడగానే విడిపోతాయంటాడు."

"నువ్వు చెడగొట్టావు ఆయన్ని. ఏంటి, నీ గొంతు అదోలా ఉంది?"

"ఉల్లిపాయలు తరుగుతున్నాను."

"సూప్‌లోకి ఉల్లిపాయ గుండుగానే వేస్తావు కదా నువ్వు."

"కోడి పాప్రికాషు కూరలోకి తరుగుతున్నానే తల్లీ. ఇదేమన్నా పోలీస్ స్టేషనా?"

"సరే సరే. పడుకుంటున్నావా అసలు?"

"పడుకుంటున్నాను."

"నాన్న మళ్ళీ అర్ధరాత్రి లేచి పొయ్యి కట్టేశామా లేదా అని చూస్తున్నాడా?"

"చూస్తే చూశాడు. పొయ్యి కట్టేసి ఉందో లేదో చూడ్డం మంచిదేగా."

"అమ్మా."

"ఊఁ."

"నువ్వు అలిసిపోయావు."

"బస్సులోంచి కనిపిస్తున్నానేంటి నీకు? పిల్ల ఏం చేస్తోంది?"

"పక్క సీటావిడని పట్టుకుంది. దాని నోటికి అడ్డేముంది! రేపటి ఈత గురించే నిన్నట్నుంచీ. తాత కారు, ముందు సీటు, కిటికీ దింపుకుంటానని ఒకటే గోల."

"ముందు సీట్లో కూచోపెట్టకూడదు."

"కూచోపెట్టడులే. నాన్న ఎంత జాగ్రత్తగా నడుపుతాడో నీకు తెలీదా? వెనకున్నవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి చచ్చిపోతారు."

"ఎమెషె, నిన్నొకటి అడుగుతాను. ఆదివారాలు నాన్న సంఖ్య చెప్తుంటే నువ్వు ఫోన్లో కొడతావు చూడు..."

"ఆఁ."

"అప్పుడు అది ఎంత పొడుగుంటుందో చూస్తావా?"

"ఎంతేంటి? తెర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉంటుంది. ఆయన చెప్పే స్పీడుకి నా వేళ్ళు అందుకుంటే అదే పదివేలు. ఎందుకు?"

"ఊరికే. ఆ సంఖ్య గొప్పేంటో మీ నాన్న నీకు ఎప్పుడన్నా చెప్పాడా?"

"చిన్నప్పుడు చెప్పబోయాడు. నేను మంచం కిందికి దూరాను. నాకు లెక్కలు పడకే కదా పూలకొట్టు పెట్టుకున్నాను. పూలకైతే శేషం మిగిలినా ఎవరూ తిట్టరు. ఏంటమ్మా ఇవాళ ఈ ఆరాలు?"

"ఏం లేదు."

"నీకు నాన్న మీద నమ్మకం లేదు, అదీ సంగతి. ఆయన ప్రతి వారం పరీక్ష పాసవుతున్నా నీ అనుమానం పోదు. నేను నిన్న తిన్నదేంటో నాకు గుర్తుండదు, ఆయన అంత సంఖ్య గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. నిజానికి డాక్టరు దగ్గరికి పంపాల్సింది నన్ను!"

"అవునులే."

"ఏంటి అవునులే? సరే అమ్మా, సూటిగా అడుగుతాను, నువ్వూ సూటిగా చెప్పు. రేపు పిల్లని నాన్న కారులో పంపొద్దంటావా? వద్దు అని ఒక్క మాట అను, పంపను. వేసవంతా ఈత లేకపోయినా సరే. అంటావా? అమ్మా? వినిపిస్తోందా?"

"నీకేం, రోజూ ఆయన మొహం చూడక్కర్లేదు. ఆ తాళం తీసుకుంటే..."

"ఏంటి? బస్సు చప్పుడు, సరిగ్గా వినపడలేదు. ఏం తీసుకుంటే?"

"సూప్ పొంగుతోందే. పెట్టేస్తున్నాను."

గుడి గంట పన్నెండు కొట్టింది. బల్ల మీద సూప్. ముగ్గురూ కూర్చున్నారు.

"లూత్సా ఏది?"

"చెర్రీ చెట్టెక్కింది నాన్నా. కడుపు నిండా తిన్నాక దిగుతుందట. ముందు మనం కానిద్దాం. అమ్మా, మూలుగ ఎముక నాన్నకి. రొట్టె కాల్చావా?"

"కాల్చాను. వెల్లుల్లి కూడా రాశాను."

"ఆగు నాన్నా, చెయ్యి తియ్యి! ముందు సంఖ్య, తర్వాత మూలుగ."

"ఇవాళ మూలుగ తిన్నాక చెప్తాను."

"అబ్బే! సూప్ ముందు అని నువ్వే కదా అన్నావు. ఒప్పందం ఒప్పందమే అని బల్ల గుద్ది మరీ అన్నావు."

"గుద్దాను. తప్పయింది."

"రా రా నాన్నా, తప్పించుకోకు. నేను ఫోన్ తీశాను."

"దెజో, నీకు ఓపిక లేకపోతే మానెయ్."

"ఎందుకు లేదు? రాసుకో ఎమెషె. రెండు, ఆరు, నాలుగు, ఆరు..."

"నెమ్మదిగా, నెమ్మదిగా. రెండు ఆరు నాలుగు ఆరు. ఊఁ."

"రెండు, ఒకటి, ఆరు, అయిదు."

"ఆరు, అయిదు..."

"ఆరు, ఏడు, ఆరు, రెండు, తొమ్మిది, ఒకటి, మూడు, ఏడు."

"...మూడు, ఏడు. నొక్కాను. తిరుగుతోంది, తిరుగుతోంది... ప్రధాన సంఖ్య! ఇంక లాగించు నాన్నా, మూలుగ నీది!"

"వడ్డించనా?"

"వడ్డించమ్మా. చూశావా? ఇంకైనా ఆ మొహం మార్చు. పిల్ల ఈత సంచీ ఇప్పుడే గుమ్మం దగ్గర పెడతాను, రేపు పొద్దున నాన్న తీసుకెళ్ళిపోతాడు. ఏం నాన్నా?"

"క్యారెట్ నాకొద్దు పిరీ."

"నీకు క్యారెట్ ఇష్టం."

"ఇష్టమా? అయితే వెయ్యి."

"అన్నట్టు నాన్నా, చెప్పడం మర్చిపోయాను. నీ సంఖ్య లూత్సాకి కూడా వచ్చేసింది. రోజూ ఫోన్లో నేర్పుతున్నావట కదా! బస్సులో పక్కనావిడకి ముక్కు మీద వేలేసుకునేలా అప్పజెప్పింది. 'ఇది మా తాత సంఖ్య, ఈ జాతిలో దీనికంటే పెద్దది లోకంలో లేదు' అంటోంది. ఆవిడ దానికి చాక్లెట్టు కూడా ఇచ్చింది."

"అప్పజెప్పిందా?"

"మొత్తం!"

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టింది?"

"ఎక్కణ్ణుంచేంటి నాన్నా? మొదట్నుంచి."

"మొదట్నుంచి అంటే ఎక్కణ్ణుంచి, ఎమెషె?"

"రెండు, ఆరు, నాలుగు, ఆరు... నువ్వు చెప్పినట్టే. నువ్వు నేర్పిందేగా."

"దానికి ముందు?"

"దానికి ముందు ఏముంటుంది?"

"దెజో, సూప్ చల్లారిపోతోంది. తిను."

"ఎన్నేళ్ళు పాఠం చెప్పాను పిరీ నేను?"

"ఇప్పుడు అదెందుకు?"

"ఎంతమందిని తిట్టాను, ఎంతమందిని ఏడిపించాను. ఒక్క పిల్లకైనా తప్పు నేర్పానా?"

"లేదు. నేర్పలేదు."

"దీనికి నేర్పాను. నా మనవరాలికి."

"ఏంటమ్మా, ఏమంటున్నాడు? ఏం తప్పు? ఫోన్ సరే అంది కదా!"

"ఎమెషె, ఆ ఫోన్ మళ్ళీ తియ్యి. ఇందాకటి సంఖ్య ఉందా?"

"ఉంది."

"మొదట్లో ఉన్న రెండుని తీసెయ్యి. తీసి నొక్కు."

"తీస్తే అది నీ సంఖ్య ఎలా... సరే, తీశాను. ప్రధాన సంఖ్య అంటోంది."

"ఇప్పుడు ఆరు తీసెయ్యి."

"తీశాను. అదీ ప్రధాన సంఖ్యే."

"నాలుగు తియ్యి."

"అదీ... నాన్నా, ఈ ఫోన్‌కేమన్నా అయిందా? దేనికైనా ఇదే చెప్తోంది!"

"చివర అంకె మార్చి చూడు. ఏడు బదులు తొమ్మిది పెట్టు."

"పెట్టాను. ఇది కాదంది. ఏదో వచ్చి భాగిస్తుందట."

"చూశావా, ఫోన్ బాగానే ఉంది. ఇంక నువ్వు మళ్ళీ ఏడు పెట్టి, ముందునుంచి ఒక్కోటీ తీసుకుంటూ పో. చివరికి నూట ముప్ఫై ఏడు మిగుల్తుంది. ఒకటి తీస్తే ముప్ఫై ఏడు. మూడు తీస్తే ఏడు. ఏడూ ప్రధాన సంఖ్యే. అదీ దాని గొప్ప. మంచం కింద దూరకుండా ఉంటే నీకు అప్పుడే తెలిసేది. ముందునుంచి ఎన్ని అంకెలు రాలిపోయినా మిగిలినదాన్ని ఎవరూ భాగించలేరు. ఇలాంటివాటిలో మొత్తం సంఖ్యే అన్నిటికన్నా పెద్దది. దాని ముందు ఇంక ఏ అంకె తెచ్చి పెట్టినా చెడిపోతుంది."

"అంటే... నువ్వు ముందునుంచి మర్చిపోయినా..."

"ఫోన్ సరే అంటుంది. పాపం దాన్నేమీ అనకు. నేను చెప్పేది ప్రధాన సంఖ్యే. నా సంఖ్య కాదు, అంతే."

"మర్చిపోయావా నాన్నా? ఎన్ని పోయాయి?"

"పోయినవి ఎన్నో పోగొట్టుకున్నవాడికి ఎలా తెలుస్తుంది? మీ అమ్మనడుగు."

"అమ్మకెలా తెలుస్తుంది? అమ్మా?"

"మూడు, అయిదు, ఏడు, ఆరు, ఎనిమిది, ఆరు, మూడు, ఒకటి. ఆ తర్వాత రెండు, ఆరు, నాలుగు. అక్కణ్ణుంచి ఆయన చెప్తాడు."

"నీకు వచ్చా ఇది?"

"పెళ్ళయినప్పట్నుంచీ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని వింటున్నదాన్ని. నాకు లెక్కలు రావు. ఆ సంఖ్య వచ్చు."

"మరి నువ్వు... ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కిందటేడు ఉల్లిగడ్డలు తవ్వాక మూడు పోయింది. మొదట్లో ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. అయిదూ ఏడూ క్రిస్మస్ లోపే పోయాయి. ఎనిమిది మంచు కురిసేదాకా ఉంది. ఎనిమిది పోయిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు ఆయన చాలా హుషారుగా ఉన్నాడు."

"ఇందాక బస్సులోంచి అడిగాను కదమ్మా! వద్దంటావా అని నోరు తెరిచి అడిగాను! రేపు నా పిల్ల ఆ కారులో..."

"సూప్ పొంగుతోందన్నాను."

"పొంగిందా?"

"లేదు."

"అమ్మా!"

"అమ్మ మీద అరవకు. ఒప్పందం పెట్టింది నేను."

"నువ్వా! నువ్వు ఇదంతా తెలిసే పెట్టావా ఆ ఒప్పందం? నాన్నా, నా మొహం చూసి చెప్పు."

"సంఖ్యలు బోలెడున్నాయి ఎమెషె. ఏదో ఒకటి..."

"తెలిసే పెట్టావా?"

"అప్పటికే మొదటి మూడు ఊగుతోంది. పోతే ముందునుంచే పోతాయని తెలుసు. నేను దాన్ని నేర్చుకున్నదే వెనకనుంచి. ముందు ఏడు, తర్వాత ముప్ఫై ఏడు, ఆ తర్వాత నూట ముప్ఫై ఏడు. ఇటుక మీద ఇటుక పెట్టుకుంటూ వచ్చాను. ముందున్న అంకెలు చివర్లో వచ్చి చేరినవి. చివర్లో వచ్చినవాళ్ళే కదా ముందు లేచి వెళ్ళిపోయేది. ఏ డాక్టరు చెప్పాలి నాకు అది? అందుకే, పోయినా పట్టుబడని సంఖ్య చూసుకున్నాను."

"అంటే కాపీ కొట్టావు! జేబుల్లో చీటీలు వెతికి వెతికి పిల్లల్ని పట్టుకున్న మనిషివి, నువ్వు కాపీ కొట్టావు!"

"అంతమందిని పట్టుకోబట్టే ఎలా కొట్టాలో తెలిసింది."

"నవ్వకు నాన్నా. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకు. సూప్‌లో ఉప్పు సరిపోయింది. ఇద్దరూ వినండి. సాయంత్రం బస్సుకి ఎమెషె ఒక్కతే వెళ్ళదు, నేనూ వెళ్తున్నాను. రేపు పొద్దున సెగెద్‌లో ఆ డాక్టరు దగ్గరికి. ఏం అడుగుతాడో అడగనీ. పిరీ, పిల్లని నువ్వు బస్సులో ఈతకి తీసుకెళ్ళు. మోకాలు నొప్పెడితే బజారు మూల బెంచీ మీద కూచోండి ఇద్దరూ, పిల్లకి ఐస్‌క్రీం కొనిపెట్టు, తొందరేం లేదు. ఇదిగో కారు తాళం. ఉప్పు సీసా పక్కన పెట్టాను, కనపడుతోందా?"

"కనపడుతోంది."

"నేను అడిగినా ఇవ్వకు."

"దెజో..."

"అరిచినా ఇవ్వకు. నేను అరుస్తాను. అప్పుడు ఇవాళ్టి సంగతి చెప్పు. నాకు గుర్తుండకపోవచ్చు, అయినా చెప్పు."

"పొద్దుటంతా కారు తుడిచావు కదా! సీటు కింద దూరి మరీ తుడిచావు."

"అమ్మేటప్పుడు శుభ్రంగా ఉండాలి కదా పిరీ."

"అమ్మేటప్పుడా? అంటే ఇదంతా పొద్దున్నే అనుకున్నావా?"

"అనుకున్నాను."

"మరి ఇప్పుడు నాచేత మళ్ళీ ఆ అంకెలన్నీ ఎందుకు కొట్టించావు నాన్నా?"

"ఇంకొక్క ఆదివారం గెలుద్దామనిపించింది. మూలుగ తిన్నాక చెప్దామనుకున్నాను. లూత్సా సంగతి విన్నాక ఇంక ఆ ముద్ద దిగలేదు. పిరీ, దానికి ముందునుంచి నువ్వే నేర్పు. నేను పక్కన కూచుని వింటాను."

"నేర్పుతాను."

"ఆ కోడి గడియారం కూడా డ్రాయర్లోంచి బయటికి తియ్యి."

"తీస్తాను. దెజో, ఒక్కటి చెప్పు. గురువారం సరిహద్దు దాకా వెళ్ళి దారి తెలీక నిలబడ్డప్పుడు నీకు ఇది అనిపించలేదు. ఇంటికొచ్చి నాతోనే పోట్లాడావు. ఇవాళ పొద్దున కొత్తగా ఏమైంది?"

"గుడ్డు."

"పచ్చిగా ఉందని నన్ను తిట్టావు కదా."

"తిట్టాను. తిట్టి కారు దగ్గరికెళ్ళి కూచున్నాను. కిందటేడు నుంచీ నా సంఖ్య తగ్గుతూనే వచ్చింది కదా పిరీ. గుడ్డు మాత్రం ఒక్కరోజూ తప్పకుండా సరిగ్గానే ఉడికింది. నేను పిడికిలి మూశాక కూడా నువ్వు దాన్ని నీళ్ళలోనే ఉంచుతున్నావని నాకు తెలుసు. ఇవాళ పచ్చిగా వచ్చేసరికి అర్థమైంది, నువ్వు అలిసిపోయావని."